మా నాయిన కట్టు, మా కుక్క కాలు

మా కుక్కకు ఒక పేరుంది. అది ఇక్కడ రాయను. అదే పేరున్న ఆవిడ ఒకరు మా వీధి చివర ఉన్నారు, నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటారు. "కుక్కకు నా పేరు పెట్టినవా" అని ఒకసారి తగువు పెట్టుకున్నారు. మీరు ఈ వీధికి రాకముందే కుక్కకు ఆ పేరుందని చెప్పడంతో తగువు ఇంకా పెద్దదైంది. అందుకని కుక్క అనే రాస్తాను. నల్లటి ఆడకుక్క, ఊరకుక్కల్లో ఎత్తరి, ఛాతీ మీద తెల్ల మచ్చ, మూడు కాళ్లు. ఎవరైనా దాన్ని చూసి "అయ్యో పాపం" అంటే నాకు ఒళ్లు మండుతుంది. పాపం అనేముందు కాసేపు నిలబడి, అది మా గోడ పక్కకు వచ్చిన పందిని ఎంతదూరం తరుముతుందో చూడమంటాను.

నేను సూర్యాపేటలో టైలర్ని. ఇంటి ముందు గదే నా దుకాణం. మా ఆయనకు ట్రాలీ ఆటో ఉంది, మిర్యాలగూడ రైసుమిల్లుల నుంచి తవుడు, నూకలు వేసుకొచ్చి ఇక్కడి దాణా దుకాణాల్లో దింపుతాడు. మా నాయిన పెన్‌పహాడ్ దగ్గర మా ఊళ్లో, తమ్ముడితో కలిసి వ్యవసాయం చేస్తాడు. చేసేది వ్యవసాయమే అయినా ఆయన్ను రైతని ఎవరూ అనరు, ఎముకలు కట్టే మనిషి అంటారు.

మనుషులకూ కడతాడు, పశువులకూ కడతాడు. కోడిగుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి, దాన్ని పాత ధోవతి పేలికలకు పట్టించి, పైన వెదురు బద్దలు పెట్టి బిగిస్తాడు. ఆరిందంటే ఇక సిమెంటే. డబ్బు ముట్టడు. కొబ్బరికాయ తెస్తే తీసుకుంటాడు, తేకపోయినా ఏమీ అనడు. రెండు మాటల దగ్గర మాత్రం దేవుడు దిగివచ్చి చెప్పినా వినడు. కట్టిన చెయ్యే కట్టు విప్పాలి. మైల ఉన్న చెయ్యి కట్టును ముట్టకూడదు. ఈ రెండూ ఆయనకు వాళ్ల నాయిన చెప్పినవి.

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒకాయన దురద ఆపుకోలేక తన చేతి కట్టు తనే విప్పుకున్నాడు. ఎముక వంకరగా అతుక్కుంది. ఆ వంకర చెయ్యి ఊరందరికీ సాక్ష్యం అయిపోయింది. "ఇగో, చెప్పినట్టు ఇనకపోతే గిట్ల అయితది" అని పిల్లలకు చూపించేవారు. పెళ్లయి సూర్యాపేట వచ్చాక నేను కూడా ఆ కథను కనీసం వందమందికి చెప్పి ఉంటాను. మా నాయిన గొప్ప చెప్పుకోవడానికి నాకు సాకులు అక్కర్లేదు.

ఆ యాసంగి కోతలప్పుడు కుక్కను ఊరికి తీసుకెళ్లింది నేనే. రోడ్డు మీద ఆరబోసిన వడ్లకు బర్రెలు మూతి పెట్టకుండా కాపలా ఉంటుందని. కాపలా బాగానే కాసింది. మూడోరోజు మధ్యాహ్నం ఎండకు తట్టుకోలేక ట్రాక్టర్ ట్రాలీ కిందికి వెళ్లి పడుకుంది. డ్రైవర్ చూసుకోక బండి కదిలించాడు. కుక్క లేచింది గానీ, ముందు ఎడమ కాలు చక్రం కింద చిక్కింది.

మా నాయిన దాన్ని ఒళ్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకుని కాలు పైనుంచి కింది దాకా తడిమి, ఒక్క లాగు లాగాడు. అది అరవడానికి నోరు తెరిచేలోపు ఎముక దాని చోటుకు వచ్చేసింది. కట్టు కట్టి, "ఇరవై ఒక్క దినం" అన్నాడు. నాకు ధైర్యం వచ్చేసింది.

తెల్లారి చూస్తే కట్టు లేదు. బద్దలు ఒక పక్క, పేలికలు ఒక పక్క. మేం ఆలోచించవలసిన సంగతి అదే, ఒక్కరికీ తట్టలేదు. గుడ్డు, మినప్పిండి కలిపి కాలికి చుడితే కుక్క ఏం చేస్తుంది? నాకింది, కొరికింది, తిన్నది. మేకలకూ దూడలకూ కట్టీ కట్టీ అలవాటైన ఇంట్లో గుడ్డు తినే జంతువు సంగతి ఎవరికీ గుర్తు లేదు. నాయిన మళ్లీ కట్టాడు. మర్నాటికి అదీ లేదు.

వడ్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన నవ్వాడు. "ఏందయ్యా, నీ కట్టు కుక్క నాష్ట చేసిందట గద" అన్నాడు నాయినతో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా నాయిన నవ్వలేదు. మూడోసారి గుడ్డు లేకుండా వట్టి మినప్పిండితో, తడిగుడ్డ మీద తడిగుడ్డ చుట్టి, మోకాలు అడ్డం పెట్టి బిగించాడు. పైన వేపాకు నూరి పూశాడు. "ఇగ కొరుకుమను సూద్దాం" అన్నాడు. ఆ బిగువులో సగం కుక్క కోసం, సగం ఆ నవ్విన వాళ్ల కోసం. ఈ మాట ఆయన కూతుర్ని గనక అనగలుగుతున్నాను, ఇంకొకరు అంటే ఊరుకోను.

ఆ కట్టుతోనే కుక్కను సూర్యాపేట తెచ్చాను. మర్నాడే కోదాడలో మా మేనత్త, మా నాయిన అక్క, పోయిందని కబురు వచ్చింది. అందరం వెళ్లాం. నాయిన అక్కడే ఉండిపోయాడు, నేను ఆ సాయంత్రమే తిరిగొచ్చాను. కుక్క మూలకు పడుకుని ఉంది. కట్టు కింద బయటకు కనిపించే వేళ్లు ఉబ్బి, ముట్టుకుంటే చల్లగా తగిలాయి. వెంటనే నాయినకు ఫోన్ చేశాను.

"కొత్త కట్టు గట్లనే ఉంటది బిడ్డా" అన్నాడు. "మైల మూడొద్దులు. మూడో నాడు తానం చేసి నేనే వచ్చి ఇప్పుత. అందాక ఎవ్వరు ముట్టొద్దు."

పక్కనుంచి మా మేనత్త కూతురు ఫోన్ తీసుకుంది. నాకు వదిన అవుతుంది. ఆ రోజే తల్లిని పోగొట్టుకున్న మనిషి, గొంతు బొంగురుపోయి ఉంది. అయినా నా కుక్క సంగతి విని ఊరుకోలేకపోయింది.

"వదినా, మామయ్య చెప్పింది పక్కన పెట్టు. వేళ్లు చల్లబడ్డాయంటే రక్తం ఆడట్లేదనే కదా. కత్తెర నీ చేతిలోనే ఉంటుంది, కోసెయ్యి."

కోయలేదు. రోజూ పొద్దున లేస్తే కత్తెర పట్టుకునే దాన్ని, ఎంత మందం గుడ్డనైనా గీత తప్పకుండా కోసేదాన్ని, ఆ కట్టు దగ్గర కూర్చుని రెండుసార్లు కత్తెర తీశాను, రెండుసార్లూ పక్కన పెట్టాను. ఆ వంకర చెయ్యి కళ్ల ముందు ఆడింది. నేను కోసి, ఎముక వంకర పోతే, కట్టిన మనిషి పేరు కూతురే చెడగొట్టిందంటారు. నాయిన రావడానికి ఇంకా రెండు రోజులేగా అనుకున్నాను. ఆ రెండు రోజులను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మూడోరోజు పొద్దున గదిలో వాసన వచ్చింది. నాయిన కోసం ఆగలేదు. మా ఆయన కుక్కను ఎత్తుకుంటే పశువుల దవాఖానకు పరిగెత్తాం. అక్కడి డాక్టర్ కట్టు కోసి చూసి, మిర్యాలగూడలో ఆపరేషన్ చేసే డాక్టరమ్మ ఉందని చెప్పి పంపాడు. కట్టు కింద కాలు మోచేతి దాకా నల్లబడి ఉంది.

మిర్యాలగూడ డాక్టరమ్మది మిల్లులకు పోయే దారిలో చిన్న క్లినిక్. కాలు చూసి, "ఎవరు కట్టిన్రమ్మా ఇది?" అంది.

"నేనే" అన్నాను. మా ఆయన నా వైపు చూశాడు గానీ నోరు మెదపలేదు. ఆయన మంచితనాల్లో అది ఒకటి.

"ఎముక మంచిగ కుదిరింది. నేను కూడ గింత సక్కగ కుదిర్చెదాన్ని కాదేమో" అందామె. "బిగువుకు రక్తం ఆగింది. కాలు సచ్చిపోయింది. తియ్యాలె."

మా ఆయన మెల్లగా అడిగాడు. "కాలు తీసినంక దానికేం బతుకు మేడం? బాధ లేకుండ ఒక సూది ఏసేది ఉంటదట గద."

చెడ్డగా అనలేదు, జాలితోనే అన్నాడు. అయినా అక్కడే అరిచాను. తప్పు మనం చేసి సూది దానికి వేయిస్తామా అన్నాను. డాక్టరమ్మ నన్ను కూర్చోమంది. కుక్కలు మూడు కాళ్లతో బాగా బతుకుతాయని, మనుషుల్లాగా లేని కాలును తలచుకుని ఏడవవని చెప్పింది. తర్వాత భయపెట్టే మాట కూడా దాచకుండా చెప్పింది.

"ఎనక కాలైతే ఇంత రంది పడకపోదును. కుక్కకు బరువంత ముందటి కాళ్ల మీదనే ఉంటది. ఇది బరువు కుక్క. లేసి నిలబడితే గెలిచినట్టే. లేవకుండ ఒక్కతీరుగ పంటే మాత్రం పుండ్లు పడుతయ్, తిండి మానేస్తది. అప్పుడు మీ ఆయన చెప్పిన సూదే దిక్కైతది."

కాలు సగం దాకా ఉంచి తీయరా అని అడిగాను. సగం ఉంచితే దాన్ని నేలకు కొట్టుకుని పుండు చేసుకుంటుందట, భుజం దగ్గరికి తీసెయ్యడమే మేలట. సరేనన్నాను. ఆ సరే నాది ఒక్కదానిదే. కుక్క లేవకపోతే నా తప్పును కప్పిపుచ్చుకోవడానికి దాన్ని ఇంకో నరకంలోకి తోసినట్టు అవుతుందని ఆ బల్ల దగ్గరే తెలుసు. ఆ మధ్యాహ్నమే కాలు తీశారు.

మూడో నాటి స్నానం చేసుకుని నాయిన కోదాడ నుంచి నేరుగా మా ఇంటికే వచ్చాడట. తలుపుకు తాళం. పక్కింటావిడ సంగతంతా చెప్పింది. ఆయన మా గడప మీద కాసేపు కూర్చుని, ఊరెళ్లే బస్సు ఎక్కేశాడు. మర్నాడు పొద్దున ఆరింటికి ఫోన్ చేశాడు.

"లేసిందా?"

"లేదు నాయినా."

పెట్టేశాడు. ఆ తర్వాత రోజూ అదే వేళకు అదే మాట. తవుడు వేసుకుని ఆ వైపు వెళ్లిన మా ఆయన ఇంకో సంగతి మోసుకొచ్చాడు. "మీ నాయిన కట్టుడు ఇడిసిపెట్టిండు. వాకిట్లకు వచ్చినోళ్లను దవాఖానకు పోన్రి అని తోలుతుండు." నలభై ఏళ్లకు పైగా కట్టిన చేతులు. కుక్క లేస్తే తప్ప ఈయన కూడా లేవడని నాకు అర్థమైంది.

నా సంగతి చెప్పాలంటే, ఏడుస్తూ కూర్చునే రకాన్ని కాదు. మిషన్ ముందు కూర్చునే రకాన్ని. మొదట దానికి జాకెట్ కుట్టాను. కుట్లు నాకకుండా డాక్టరమ్మ మెడకు గరాటు లాంటిది ఇచ్చింది. అది పెట్టుకుని కుక్క గోడలకు గుద్దుకుంటూ నన్ను శత్రువులా చూసింది. తీసి పారేసి టేపు పట్టుకున్నాను. మెడ, ఛాతీ, నడుము, ఒకే ఒక చంక. అంత మందికి జాకెట్లు కుట్టాను గానీ ఒక చెయ్యి జాకెట్ కుట్టడం అదే మొదలు. మెత్తటి లైనింగు గుడ్డ, వీపు మీద హుక్కులు. దుకాణానికి వచ్చిన ఆడవాళ్లు నవ్వులే నవ్వులు.

"అక్కా, మా జాకెట్ ఇచ్చి పదిహేను దినాలైంది. దానికి ఒక్క పూటల కుట్టినవ్" అంది ఒకామె.

"అది కొలతలు తీసేటప్పుడు పొట్ట బిగపట్టలేదు" అన్నాను.

హుక్కులు పెట్టాక ప్రతిసారీ గుడ్డ కింద రెండు వేళ్లు దూర్చి చూసేదాన్ని. దూరితేనే వదిలేదాన్ని. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. మా ఆయన చూసి, "అది లూజే ఉన్నది" అనేవాడు. అయినా చూసేదాన్ని.

తర్వాత నేల. మా ఇంట్లో టైల్స్, తుడిస్తే అద్దంలా ఉంటాయి. ఆ నేల చూసి గర్వపడేదాన్ని, ఇప్పుడు అదే పగదైంది. లేపి నిలబెడితే మూడు కాళ్లు మూడు దిక్కులకు జారేవి. మా ఆయన మిల్లుల నుంచి ఖాళీ గోనెసంచులు తెచ్చాడు. మిషన్ సూదులు రెండు విరిగాక దబ్బనం పట్టుకుని చేత్తోనే కుట్టాను. సంచికి సంచి అతికి, వెనక గది నుంచి వంటింటి మీదుగా పెరటి దాకా బాట పరిచాను. రెండు రోజులు ఇల్లంతా గోనె నూలు. వేళ్లకు బొబ్బలు వచ్చాయి, వాటిని కూడా గొప్పగా అందరికీ చూపించాను.

ఆపైన జోలె. పాత జీన్సు ప్యాంట్లు కోసి, ఛాతీ కిందుగా వేసి పైకి పట్టుకునేలా రెండు పిడులు పెట్టాను. దాంతో లేపి, పెరట్లోకి నడిపించి, పని కానిచ్చి, తిరిగి తెచ్చి పడుకోబెట్టేదాన్ని. దాని బరువుకు నా నడుం పట్టేసింది. కుక్క లేని కాలును ముందుకు వేయబోయి గడ్డం నేలకు కొట్టుకునేది. ఎందుకిలా అవుతోందో అర్థం కాక నా మొహం చూసేది. ఆ చూపు వచ్చినప్పుడల్లా నాకు ఏడుపు ఆగేది కాదు. కాలేయం ముక్కలు కలిపిన అన్నం చేత్తో పెడితే నాలుగు ముద్దలు తినేది.

ఆరు రోజులు, ఏడు రోజులు. పొద్దున ఫోన్. "లేసిందా?" "లేదు." ఎనిమిదో రోజు నాయిన ఫోన్ పెట్టేయకుండా కాసేపు అట్లాగే ఉండిపోయాడు. ఆయన ఊపిరి వినిపించింది.

పదో రోజు కుట్లు విప్పించడానికి మిర్యాలగూడ తీసుకెళ్లాం. పుండు చక్కగా మానిందంది డాక్టరమ్మ. జాకెట్‌ను తిప్పి తిప్పి చూసి, కుట్టు పనికి ముచ్చటపడింది. నా ఛాతీ ఉప్పొంగింది. జోలె చూపించి, ఎలా లేపుతానో, ఎలా నడిపిస్తానో కూడా చేసి చూపించాను. మెచ్చుకుంటుందని ఎదురు చూశాను.

"గిదే తప్పు" అంది. "కాలు లేని దిక్కు బరువు నువ్వే మోస్తున్నవ్. నీ చెయ్యే నాలుగో కాలు అనుకుంటున్నది అది. ఇగ అదెందుకు లేస్తది? రేపటి సంది ముట్టకు. పడనియ్."

"పడితే?"

"పడుతది. పడి లేస్తది. పెరట్లకు పోయేది ఉంటే దాని తిప్పలు అది పడుతది. ఇంకో నాలుగు దినాలు సూద్దాం."

ఇంటికి వచ్చేదాకా ఆటోలో కోపంతోనే కూర్చున్నాను. కోపం డాక్టరమ్మ మీద కాదు. బిగువు ఎక్కువై కాలు పోయిందని తెలిసి కూడా, పది రోజులుగా నేను చేస్తున్నది మళ్లీ బిగించి పట్టుకోవడమే. గుడ్డ మారింది, అంతే. నాయిన కూతుర్నే కదా.

మర్నాడు జోలె మడిచి బీరువా మీద పెట్టాను. కుక్క పొద్దున్నే మూలిగింది. నేను మిషన్ ముందే కూర్చున్నాను. ఇంకోసారి మూలిగింది. కుట్టు వంకర పోయింది, విప్పి మళ్లీ కుట్టాను. అది పడుకున్నచోటే తడిపేసుకుంది. తుడిచాను, కొత్త గుడ్డ పరిచాను, లేపలేదు. ఆ రోజు నేను ఎంత పాపిష్టిదాన్నో అది నాకు కళ్లతో చెప్పింది. నాయిన ఫోన్‌కు లేదనే చెప్పాను. రెండోరోజూ అంతే. ఒకసారి వెనక కాళ్ల మీద లేచి, ముందు కాలు మోపబోయి, పక్కకు ఒరిగిపోయింది.

మూడోరోజు ఆవకాయ కోసం కడిగిన మామిడికాయలను పెరట్లో మంచం మీద ఆరబెట్టాను. పది గంటల వేళ, లోపల ఒకామెకు చేతుల కొలత తీస్తున్నాను. మా పేట కోతుల సంగతి చెప్పనక్కర్లేదు, గోడ మీద నీడ కనిపించిందంటే మామిడికాయలు పోయినట్టే. ముందు కోతి అరుపు వినిపించింది. తర్వాత మా కుక్క మొరిగింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి అది మొరగలేదు. టేపు వదిలేసి పరిగెత్తాను.

కుక్క పెరట్లో ఉంది. గోనెబాట అంతా దాటి, గడప దిగి, మంచం ముందు మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. కోతి మంచం మీద, చేతిలో కాయ. కుక్క ఒక గెంతు గెంతింది, రెండోది గెంతింది, మూడోదానికి మొహం మీద పడింది. నేను కదలలేదు. తలుపు గొళ్లెం పట్టుకుని నిలబడ్డాను. అది ముక్కు దులుపుకుని తనే లేచి ఇంకా గట్టిగా మొరిగింది. కోతి కాయ వదిలేసి గోడెక్కింది. కుక్క తిరిగి నా వైపు చూసింది. ఈసారి చూపు వేరే. నువ్వెక్కడున్నావ్ ఇంతసేపు, కాయలు పోతుంటే, అన్నట్టుంది.

కొలతకు వచ్చినామె నా వెనకే నిలబడి చప్పట్లు కొట్టింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు. ఆ రోజు నాయిన ఫోన్ కోసం ఆగకుండా నేనే చేశాను.

"లేసింది నాయినా. ఎవ్వరు లేపలే. దానంతల అదే లేసింది. కోతిని ఎల్లగొట్టింది."

"ఊఁ" అన్నాడు. "రేపు గూడ లేస్తదేమో సూసి చెప్పు."

మర్నాడు లేచింది. ఆ తర్వాత రోజూ లేచింది. వారానికి గెంతులు పోయి నడక వచ్చింది. మిగిలిన ముందు కాలు తనే జరిగి ఛాతీ నడుమకు వచ్చినట్టు పడుతుంది, తల కిందికీ పైకీ ఊగుతుంది. ఆ నడక చూస్తే పెళ్లి బరాత్‌లో ముందు నడిచే పెద్దమనిషి గుర్తొస్తాడు నాకు. నెల తిరక్కుండా వీధి చివరి దాకా వెళ్లి, తన పేరున్న ఆవిడ వాకిట్లో కూర్చుని రావడం మొదలుపెట్టింది. ఆవిడ పెరుగన్నం పెడుతోంది. తగువు అట్లా తీరింది. మిర్యాలగూడ డాక్టరమ్మ అయితే మళ్లీ చూపించడానికి తీసుకెళ్లినప్పుడు లోపలున్న వాళ్లందరినీ పిలిచి దాన్ని నడిపించి చూపింది. "ఇసొంటి జాకెట్లు ఇంకో రెండు కుట్టిస్తవా అమ్మా, ఇంకో కుక్కకు పనికొస్తయ్" అంది. నాలుగు కుట్టి ఇచ్చాను.

ఇన్ని జరిగినా నాయిన దాన్ని చూడటానికి రాలేదు. ఏదో ఒక పని చెప్పేవాడు. నాట్ల టైముకు నేనే కుక్కను ఆటోలో వేసుకుని ఊరికి వెళ్లాను.

ఆటో ఆగగానే అది దూకి దిగింది. నాయిన రేకుల కింద మంచం మీద ఉన్నాడు. చూసి, వెంటనే తల తిప్పి, నీళ్లు తెస్తానని లోపలికి పోయాడు. వచ్చి చెయ్యి చాపితే కుక్క ఆయన దగ్గరకు వెళ్లలేదు. నా వెనక్కి వచ్చి నిలబడింది.

"దానికి యాదికున్నది" అన్నాడు. "ఉండనియ్. తప్పేమున్నది."

నేను ఏదో ఒకటి అనేలోపే పక్క వీధి రైతు ఒకాయన లేగదూడను భుజాల మీద వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. పొలం ఒడ్డు గండిలో పడి కాలు విరిగిందట. పశువుల డాక్టర్ చూసి, సాఫుగా విరిగింది, కట్టు చాలన్నాడట.

"కట్టేటోనివి నువ్వుండంగ ఇంకెక్కడికి పోవాలె" అన్నాడు.

"నేను ఇడిసిపెట్టిన. వేరే ఎవలకన్న సూపియ్" అన్నాడు నాయిన.

"కట్టు నాయినా" అన్నాను.

"నా శెయ్యి మీద నాకే నమ్మకం పోయింది బిడ్డా."

అప్పుడే మా కుక్కకు వాకిట్లో కోళ్లు కనిపించాయి. నేను చెప్పనూ లేదు, ఆపనూ లేదు. రేకుల కింది నుంచి గడ్డివాము దాకా దూసుకుపోయింది, నీళ్ల కాలువ ఒక్క దూకు దూకింది, కోళ్లు కకావికలయ్యాయి. గడ్డివాము చుట్టూ తిరిగి, నాలుక బయటపెట్టి, అదే వేగంతో వెనక్కి వచ్చింది. నాయిన మంచం మీంచి లేచి నిలబడి చూశాడు. దాన్ని మొదటిసారి నిండుగా చూడటం అదే. కళ్లు తుడుచుకున్నాడు, రైతు ఉన్నాడని కూడా చూసుకోలేదు. తర్వాత చేతులు కడుక్కుని, "బద్దలు తే" అన్నాడు నాతో.

దూడ కాలు తడిమాడు, లాగాడు, పేలికలు చుట్టాడు. ఎప్పటి చేతులే, అదే తీరు. వెదురు బద్దలు పెట్టి తాడు తిప్పి, చివరి ముడి దగ్గర ఆగాడు. తాడు కొసలు రెండు చేతుల్లో అట్లాగే పట్టుకుని రైతు వైపు చూశాడు. అప్పటికే వాకిట్లో నలుగురైదుగురు చేరారు.

"ఆ కుక్కను సూసినవా? దాని కాలు పోయింది నా కట్టుకే. బిగించింది నేను. మైల అని విప్పకుండ ఉన్నది నేను. ఎవ్వరు ముట్టొద్దని ఆపింది గూడ నేనే."

ఆ ఊళ్లో ఆయన మాటకు ఎదురు లేని రోజుల నుంచీ ఆయన్ను చూస్తున్నాను. అంత పెద్ద మనిషి అంత మంది ముందు తన తప్పు తన నోటితో చెప్పడం ఎప్పుడూ వినలేదు. కుక్క మూడు కాళ్ల మీద లేచిన నాడు నేను పొంగిపోయాను. ఆ వాకిట్లో మా నాయినను చూసి అంతకు రెండింతలు పొంగిపోయాను.

"గిట్టల మీద చెయ్యి పెట్టి సూస్కుంట ఉండు" అన్నాడు రైతుతో. "సల్లబడితే నాకోసం ఆగకు. నేను ఊళ్లె ఉన్నా లేకున్నా, మైల ఉన్నా, నువ్వే కోసెయ్."

"గదెట్ల? నువ్వు కట్టింది నేను కోసుడేంది?" అన్నాడు రైతు నవ్వబోతూ.

నాయిన నవ్వలేదు. "ఏం చేస్తవో చెప్పు. నేను ఇనాలె."

రైతు మా కుక్క వైపు చూశాడు, మళ్లీ నాయిన వైపు చూశాడు. "సల్లబడితే కోసేస్త" అన్నాడు.

"ఇంకోసారి చెప్పు."

"సల్లబడితే ఎవ్వరి కోసం ఆగ, నేనే కోసేస్త."

అప్పుడు మా నాయిన చివరి ముడి వేశాడు.